నలభై ఆరు పాయింటు ఐదు

అంకెలను కూడా రాగం తీసి చదవచ్చని దశాంశానికి నేర్పింది వదిన. ఆ మాటకొస్తే ఆ ఉద్యోగం ఇప్పించిందీ వదినే. "డిగ్రీ చదివి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటావేం? మా ఆఫీసుకి రా. పొద్దస్తమానం అంకెలే, మనుషుల బాధ ఉండదు," అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. మనుషుల బాధ ఉండదన్నది మాత్రం పచ్చి అబద్ధమని తర్వాత తేలింది.

దశాంశం ఆమె అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఏ తల్లీ కన్నకూతురికి అలాంటి పేరు పెట్టదు. చేరిన మొదటి నెలలోనే, ముగ్గురు పెద్దమనుషులు కళ్ళద్దాలు సర్దుకుని మరీ చూసి వదిలేసిన పేజీలో, ఎగిరిపోయిన దశాంశ బిందువును పట్టుకుంది. మధ్యాహ్నం టీ వేళకల్లా ఆఫీసంతా ఆమెకు ఆ పేరు ఖాయం చేసేసింది. రిటైరై ఆరేళ్ళయినా పాతవాళ్ళు ఎదురుపడితే ఇప్పటికీ "ఏం దశాంశం, బాగున్నావా?" అనే అడుగుతారు.

బయటివాళ్ళకు దాన్ని ఓడల పంచాంగం ఆఫీసు అంటే తప్ప అర్థమయ్యేది కాదు. నడిసముద్రంలో మైలురాళ్ళు ఉండవు కదా. ఓడ అధికారి పరికరం కన్నుకు ఆనించి సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడో కొలుస్తాడు. తర్వాత పుస్తకం తెరిచి, తాను అనుకున్న చోట ఆ నిమిషానికి సూర్యుడు ఎంత ఎత్తున ఉండాలో చూస్తాడు. రెండింటికీ ఉన్న తేడాను బట్టి తాను ఎక్కడున్నదీ తేల్చుకుంటాడు. ఆ పుస్తకాన్ని ఈ ఆఫీసు తయారుచేసేది. పట్టికలు ఏటా అవే, అచ్చు మాత్రం ఏటా కొత్తగా కూర్చేవాళ్ళు. ఆరువందల పేజీలు, పేజీకి నలభై వరుసలు, మొదటి నుంచి చివరిదాకా ఒక్క కథా లేదు, ఒక్క బొమ్మా లేదు. కానీ అంతమంది ప్రాణాలు దాని మీద పెట్టుకుని చదివే పుస్తకం ఇంకోటి ఉంటుందని దశాంశం ఎప్పుడూ ఒప్పుకునేది కాదు.

ఆఫీసు రేవుకు ఎదురుగా, అచ్చుయంత్రాల భవనం పై అంతస్తులో ఉండేది. కింద యంత్రాలు తిరుగుతుంటే పైన బల్లమీద టీ గ్లాసులు వాటంతటవే అంచుదాకా నడిచేవి. కిటికీ పక్క బల్ల వదినదీ దశాంశానిదీ. వదిన ముందు రాతప్రతి, దశాంశం ముందు అచ్చు ప్రూఫు. వదిన చదివేది, దశాంశం వేలు పెట్టి వినేది. "ఎనభై ఏడూ... నలభై ఆరూ... పాయింటు ఐదు" అని వదిన మొదటి అంకెను కొంచెం సాగదీసి, రెండోదాన్ని ఎత్తి, చివరిదాన్ని నేలమీద పెట్టినట్టు మెల్లగా దించేది. దశాంశం "సరి" అనేది. తర్వాతి వరుస, మళ్ళీ సరి. కింద రేవులో ఓడ కూత వేస్తే వదిన నోరు ఆపేది, దశాంశం పెన్సిలు మొన ఆ వరుస మీదే ఉంచేది. కూత ఆగాక వదిన ఎక్కడ ఆపిందో అక్కడినుంచి, అదే స్థాయిలో ఎత్తుకునేది. పక్క బల్లవాళ్ళు తమ పని ఆపుకుని మరీ వినేవాళ్ళు. ఒకాయన అయితే, "అమ్మా, మా పేజీలు కూడా మీరే చదివిపెడితే కాస్త నిద్ర రాకుండా ఉంటుంది," అని బతిమాలుకునేవాడు.

ఒక పేజీని రెండుసార్లు చదవాలి. రెండోసారి తప్పనిసరిగా స్థానాలు మారాలి, విన్నవాళ్ళు చదవాలి, చదివినవాళ్ళు వినాలి. ఒకే గొంతు, ఒకే చెవి అయితే ఒకే తప్పు రెండుసార్లు జారిపోతుందని ఆఫీసు అధిపతి పెద్దాయన పెట్టిన నియమం. అయ్యాక ఇద్దరూ పేజీ అడుగున తమ గుర్తు వెయ్యాలి. వదినది చిన్న సున్న. దశాంశానిది ఏటవాలు గీత.

పెద్దాయన చొక్కాజేబులో మూడు పెన్సిళ్ళు, మొహంలో సెలవు దొరకని ముప్ఫై ఆదివారాల విసుగు. మనిషి మాత్రం వెన్న. "అంకెలో పదోవంతు తప్పితే సముద్రంలో రెండువందల గజాలు తప్పినట్టు. ఆ రెండువందల గజాల్లో ఒక్క రాయి ఉంటే చాలు," అని రోజుకోసారైనా అనేవాడు. ఆయన స్వహస్తాలతో రాసిన నియమాలు చట్రం కట్టి గోడకు వేలాడేవి. వాటిలో చివరిది, ఒకసారి పుస్తకంలో ఏ అంకెనైనా మారిస్తే, మరుసటి ముద్రణ సరిచూసేవాళ్ళు దాన్ని పొడుగు సూత్రంతో స్వయంగా మళ్ళీ కట్టి చూడాలన్నది. పొడుగు సూత్రం అంటే పట్టికలన్నీ కట్టిన అసలు సూత్రం. లాగరిథమ్ పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చుంటే పావుగంట పట్టేది. పొట్టి సూత్రం ఇంకోటుంది, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మధ్యాహ్నానికి అటూ ఇటూ కొద్ది నిమిషాలైతే అదీ బాగానే పనిచేస్తుంది. ఆ మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తికి వచ్చే చోట్ల మాత్రం దాన్ని నమ్మకూడదు. ఆ హెచ్చరిక పుస్తకం ముందుమాటలో రాసింది కూడా పెద్దాయనే.

అలా అయిదేళ్ళు ఆ కిటికీ పక్కన గడిచాయి. ఇప్పుడు తలుచుకుంటే, తన బతుకులో అంత సుఖంగా ఉన్న రోజులు మళ్ళీ లేవనిపిస్తుంది దశాంశానికి. అప్పుడు ఆ సంగతి తెలియలేదు. మెడ నొప్పి, కళ్ళమంట, బస్సు దొరకదన్న బెంగ, ఇవే తెలిసేవి.

రెండువందల పద్నాలుగో పేజీ వచ్చిన రోజు దశాంశం నాలుగేళ్ళ కూతురికి జ్వరం. పొరుగింటావిడకు అప్పజెప్పి వచ్చిందే కానీ, ప్రాణమంతా పెద్దాయన గదిలోని ఫోను మీదే ఉంది. అద్దం తలుపులోంచి ఆ ఫోను కనబడుతూ ఉండేది. వదిన చదువుతోంది. దశాంశం "సరి" అంటోంది. ఎన్ని వరుసలకు విని అంది, ఎన్నింటికి వినకుండా అంది అంటే ఆ దేవుడికే తెలియాలి.

రెండోసారి చదవాల్సింది దశాంశం. నోరు తెరిస్తే గొంతు పెగల్లేదు. వదిన అటూ ఇటూ చూసి, రాతప్రతి తనవైపే ఉంచుకుంది.

"ఈ పూటకి నేనే చదివేస్తాలే. నువ్వు వేలు పెట్టు చాలు."

"నియమం వదినా..."

"నియమానికి నాలుగేళ్ళ కూతురుందా? నోర్మూసుకుని విను."

గుర్తులు మాత్రం స్థానాలు మారినట్టే వేశారు. ఆ చిన్న అబద్ధం ఇద్దరి మధ్యే ఉండిపోయింది. సాయంత్రం ఇంటికి పోయేసరికి జ్వరపు పిల్ల మంచం మీద ఎగురుతోంది.

పుస్తకం అచ్చయింది, ఓడలెక్కింది. మరుసటి ఏడాది ఒక ఓడ కెప్టెన్ నిప్పులు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు. మీ పుస్తకాన్ని నమ్మినందుకు రెండు మైళ్ళు పక్కకు పోయానన్నాడు. ప్రమాదమేమీ జరగలేదు, కానీ పొగమంచులో పూటంతా నిలబడిపోవాల్సి వచ్చిందట, పరువు పోయిందట. రెండువందల పద్నాలుగో పేజీ తెరిచి ఒక అంకె మీద వేలితో పొడిచాడు. ఎనభై ఏడు డిగ్రీల నలభై ఆరు పాయింటు ఐదు నిమిషాలు. పెద్దాయన అక్కడే నిలబడి జేబులోంచి పెన్సిలు తీసి, కాగితం మీద ఏదో లెక్క కట్టాడు. మొహం పాలిపోయింది. నలభై అయిదు పాయింటు ఎనిమిది రావాలన్నాడు.

"ఈ పేజీ ఎవరిది?"

దశాంశం లేవబోయింది. బల్లకింద వదిన కాలు వచ్చి ఆమె పాదం మీద బలంగా పడింది. నోరెత్తావో చంపుతాను అని దాని అర్థం.

వదిన లేచి నిలబడింది. "నాదేనండీ. చదివేటప్పుడు నేనే తడబడి ఉంటాను."

అంతే. ఆ ఒక్కమాటతో వెతుకులాట ఆగిపోయింది. కింద కట్టలు కట్టి పెట్టిన రాతప్రతిని ఎవరూ పైకి తీసుకురాలేదు. తప్పు చేసినవాళ్ళు ఎదురుగా నిలబడి ఒప్పుకుంటుంటే ఇంక కట్టలు విప్పేదెవరు? సవరణ చీటీ అచ్చు వేసి ఓడలన్నింటికీ పంపించారు.

పెద్దాయన వదినను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. చదివే పనినుంచి తప్పించి, పార్సెళ్ళకు చిరునామాలు అతికించే గదిలో వేశాడు. వదిన నాలుగు రోజులు చిరునామాలు అతికించి, అయిదో రోజు రాజీనామా ఇచ్చి ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత ఆవిడ ఒక్క అంకె పైకి చదవగా ఎవరూ వినలేదు. ఫోన్ నంబరు అడిగితే కాగితం చేతికిచ్చేది. బస్సు వస్తుంటే నంబరు చెప్పకుండా "అదే, అదే" అని చెయ్యి చూపించేది. పిల్లలు అదో చాదస్తం అనుకునేవాళ్ళు. దశాంశం మాత్రం ప్రతిసారీ తల తిప్పుకునేది.

వదిన చదవడంలో తడబడదు, అది దశాంశానికి తెలుసు. అంటే వినకుండా సరి అన్నది తనే. తన తప్పును వదిన నెత్తిన వేసుకుంది. ఎన్నోసార్లు ఆ మాట అడగాలని వెళ్ళేది. అడగబోయేసరికి నీళ్ళు నమిలేది. వదిన కూడా తెలివిగా మాట మార్చేది, "ముందా టీ తాగు, చల్లారిపోతోంది" అనేది. అలా ముప్ఫై నాలుగేళ్ళు చల్లారిపోయాయి. అన్నయ్య పోయాడు. వదినకు చూపు మందగించి, చివరికి వెలుతురూ నీడా తప్ప ఏమీ ఆనని స్థితికి వచ్చింది. నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇలా ఉండగా ఒక ఉదయం పాత ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మాట్లాడింది కొత్త ఆఫీసరమ్మ. ఓడల్లో పనిచేసి వచ్చిన మనిషి, మాటలో తొందర ఎక్కువ.

"అమ్మా, ఇది నూరో ముద్రణ. కాగితం మీద ఇదే ఆఖరు, ఇకమీదట అంతా కంప్యూటర్లోనే. చివర్లో ఓ అనుబంధం వేస్తున్నాం. నూరేళ్ళలో బయటపడ్డ తప్పులన్నీ, ఎవరి గుర్తు కింద జరిగాయో పేర్లతో సహా. దాచుకోవడం మాకిష్టం లేదు. పాత గుర్తులు ఎవరివో చెప్పేవాళ్ళే లేరు. మీరొకసారి వస్తారా? శుక్రవారం అచ్చుకెళ్తుంది."

"ఎన్ని తప్పులు?"

"నూరేళ్ళకీ పదకొండే. గొప్ప సంగతి కదూ! తొమ్మిదో దాని కింద ఓ సున్నా, ఓ గీతా ఉన్నాయి. చదివినవారి పొరపాటు, ఒప్పుకున్నారు అని రాసుంది. ఆ సున్నా ఎవరిదమ్మా?"

"వచ్చి చెబుతాను," అంది దశాంశం. వదిన పేరు, తప్పు చేసిన మనిషిగా, ప్రపంచంలోని ఓడలన్నీ ఎక్కబోతోంది. అదీ ఆవిడ బతికుండగా. రేపు ఎవరో ఒకరు ఆవిడకే చదివి వినిపిస్తారు. ఫోను పెట్టేసి చెప్పులు వేసుకుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా నోట్లో నానుతున్న మాటను ఈ పూట కక్కెయ్యాల్సిందే అనుకుంది.

పాత మెట్లు అవే. అచ్చుయంత్రాల చప్పుడు మాత్రం తగ్గింది. కిటికీ పక్క బల్ల ఉన్నచోట నీళ్ళడబ్బా పెట్టారు. దశాంశం దానివంక చూడకుండా ఆఫీసరమ్మ ఎదురుగా కూర్చుని, కూతురి జ్వరం దగ్గర్నుంచి బల్లకింద కాలు దాకా పూసగుచ్చినట్టు చెప్పింది.

"కాబట్టి ఆ తప్పు సున్నాది కాదు, గీతది. గీత నాది. నా పేరు వెయ్యండి."

ఆఫీసరమ్మ అనుబంధం కాగితం పక్కకు జరిపింది. "మీరన్నదీ అనుమానమే కదమ్మా. ఆవిడ తప్పు చదివారో, మీరు తప్పు విన్నారో, రాతప్రతి చూస్తే తెలిసిపోతుంది. కింద ఉంటుందిగా?"

ఉంది. కట్టల గదిలో దుమ్ము మేఘంలా లేచింది. ఆ ఏడాది కట్ట పురికొస విప్పి, రెండువందల పద్నాలుగో పేజీ పైకి తీశారు. దశాంశం కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. నీలంసిరా అంకెలు నిన్న రాసినట్టున్నాయి.

రాతప్రతిలో నలభై ఆరు పాయింటు ఐదు. అచ్చులోనూ నలభై ఆరు పాయింటు ఐదే.

"అయితే ఎవరూ తప్పు చదవలేదు, ఎవరూ తప్పు వినలేదు," అంది ఆఫీసరమ్మ. "మరైతే లెక్క కట్టినవాళ్ళే తప్పు కట్టుండాలి." లాప్‌టాప్ తెరిచి నాలుగు మీటలు నొక్కింది. తెరవంక చూసి, కళ్ళు చిట్లించి మళ్ళీ నొక్కింది.

"ఏమైందమ్మాయ్?"

"ఎనభై ఏడు, నలభై ఆరు పాయింటు నాలుగు ఎనిమిది. అంటే నలభై ఆరు పాయింటు ఐదు. మీ పుస్తకమే ఒప్పు."

దశాంశం నమ్మలేదు. కంప్యూటరు మీద కోపం కాదు, అలవాటు అలాంటిది. లాగరిథమ్ పుస్తకం అడిగి తెప్పించుకుంది. ఒకప్పుడు పావుగంట పట్టే లెక్కకు ఇప్పుడు ముప్పావుగంట పట్టింది. మధ్యలో ఒకసారి కూడికలో ఒకటి మరిచిపోయి తనను తానే తిట్టుకుంది. ఆఫీసరమ్మ పాపం టీ తెప్పించి ఓపిగ్గా కూర్చుంది. ఆఖర్న కాగితం అడుగున వచ్చిన అంకెలను దశాంశం ఇలా చూసి, అలా చూసి, పెన్సిలు కింద పెట్టేసింది. నలభై ఆరు పాయింటు ఐదు.

సవరణ చీటీల ఫైలులో, గుండుసూది తుప్పు మరకతో, పెద్దాయన ఆ రోజు కెప్టెన్ ముందు నిలబడి కట్టిన కాగితం దొరికింది. నాలుగే నాలుగు వరుసలు. పొట్టి సూత్రం. సూర్యుడు నడినెత్తికి రెండు డిగ్రీల దూరంలో ఉన్న లెక్క అది, ఆ సూత్రం వాడకూడదని ఆయనే రాసిన చోటు. ఎదురుగా కేకలు వేసే మనిషి ఉంటే ఎంతటివాడికైనా పొట్టిదే గుర్తొస్తుంది కాబోలు.

"పైగా చూడండి," అంది ఆఫీసరమ్మ, "ఈయన లెక్క ప్రకారం తప్పు ముప్పావు మైలు కూడా లేదు. కెప్టెన్ తప్పిపోయింది రెండు మైళ్ళు. మిగతాది ఎక్కడిదని ఒక్కరూ అడగలేదా? సూర్యుడు నెత్తిన ఉన్నప్పుడు పటం మీద ఓడ స్థానం చూపే గీతను తిన్నగా గీయకూడదు, వంచాలి. ఆయన తిన్నగా గీసుంటాడు. మా ఓడల్లో కొత్తవాళ్ళు రోజూ చేసే పనే."

దశాంశానికి ఏడుపొచ్చింది. దానికంటే ముందు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు. వదిన ఆ రోజు నోరు మూసుకుని ఊరుకుని ఉంటే కట్ట విప్పేవాళ్ళు, నిజం ఆ పూటే తేలిపోయేది. ఎవరూ చేయని తప్పుకు ఆ గొంతు ముప్ఫై నాలుగేళ్ళు మూగబోయింది.

కన్నీళ్ళు తుడుచుకుంటుండగానే ఆమెకు ఇంకో సంగతి తట్టింది.

"ఆ తర్వాతి ముద్రణ తియ్యి."

తీశారు. అందులో అదే పేజీ, అదే వరుస. సవరించిన అంకె నలభై అయిదు పాయింటు ఎనిమిది, తప్పుడు అంకె, దర్జాగా కూర్చుని ఉంది. అడుగున ఎవరిదో కొత్త గుర్తు, దాని పక్కన ఏటవాలు గీత.

మార్చిన అంకెను పొడుగు సూత్రంతో మళ్ళీ కట్టి చూడాల్సింది తనే. ఆ వరుస దగ్గరకు వచ్చేసరికి సిగ్గుతో చూపు పక్కకు తిప్పుకుంది. పావుగంట కూర్చుని ఉంటే అన్నీ బయటపడేవి. కూర్చోలేదు. కట్టకుండానే గీత వేసేసింది. ఆ ఏడాదే కాదు, కంప్యూటర్లు వచ్చి పట్టికలన్నీ కొత్తగా కట్టేదాకా, పదకొండేళ్ళు, పదకొండు గీతలు.

"తొమ్మిదో దాన్ని కొట్టెయ్యకమ్మాయ్," అంది చివరికి. "మార్చి రాయి. అచ్చు సరైనదే, సవరణ తప్పని రాయి. సరిచూడకుండా గుర్తు వేసిన మనిషిగా నా పేరు రాయి."

"ఖచ్చితంగానా అమ్మా?"

"నూరేళ్ళకి పదకొండు తప్పులని నువ్వే మురిసిపోయావుగా. లెక్క తగ్గించకు. మనిషిని మార్చు, చాలు."

రెండు పేజీలకూ జిరాక్సు తీయించుకుని దశాంశం తిన్నగా వదిన ఇంటికి వెళ్ళింది. వదిన వరండాలో కుర్చీ వేసుకుని కాళ్ళు ఎండలో పెట్టుకుని కూర్చుంది. అడుగుల చప్పుడు వినగానే, "ఏమిటీ ఆయాసం? మెట్లు ఎక్కువయ్యాయా, ఒళ్ళు ఎక్కువైందా?" అంది.

"వదినా, ఈరోజు టీ పేరెత్తకు. మాట మార్చకు. చెప్పేది విను."

చెప్పింది. వదిన ఎక్కడా అడ్డు రాలేదు. రాతప్రతి, అచ్చు ఒకటే అన్న దగ్గర ఆవిడ చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. పొట్టి సూత్రం సంగతి చెప్పేసరికి ఫక్కున నవ్వింది.

"ముందుమాటలో ఆయన రాసిందే! ఆ వాక్యం నేనే చదివి సరిచూశాను."

"నువ్వు తప్పు చదవలేదని నీకు తెలుసు కదా?"

"తెలియకేం."

"మరెందుకు ఒప్పుకున్నావు?"

"నువ్వు తప్పు విన్నావనుకున్నాను. పిల్ల జ్వరంతో నువ్వు ఆ రోజు మనిషివి కాదు. స్థానాలు మారలేదని బయటపడితే ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి. ఇంట్లో ఒక్క జీతమైనా మిగలాలిగా. ఒక్కమాట అడిగుంటే సరిపోయేదే. నువ్వు విన్నావా లేదా అని. నిన్ను బాధపెట్టడం ఎందుకులే అని అడగలేదు," అంది.

"నేనూ అందుకే అడగలేదు."

వదిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ తుడుచుకోలేదు. ఆ ఉద్యోగం అంటే తనకెంత ఇష్టమో అప్పుడు చెప్పింది, మొదటిసారి. మానేశాక కూడా పొద్దున్నే లేచి వంటింట్లో ఎవరికీ వినబడకుండా ఆ రాగం తీసుకునేదట. అంకెలు లేకుండా, ఉత్త రాగం.

దశాంశం పదకొండు గీతల సంగతి కూడా చెప్పేసింది. వదిన ఆ మాట విని మొహం చాటంత చేసుకుంది.

"అంటే మొత్తానికి తప్పు నీదే!"

"నాదే వదినా."

"ముప్ఫై నాలుగేళ్ళకైనా ఒప్పుకున్నావు, సంతోషం. ఏదీ, ఆ కాగితం తెచ్చావా?"

"తెచ్చాను. నీకు కనబడదుగా."

"రెండోసారి నువ్వు చదవాల్సిన పేజీ అది. బాకీ ఉండిపోయింది. చదువు, నేను వింటాను."

దశాంశం కాగితం ఒళ్ళో పరుచుకుని వేలు పెట్టింది. మొదటి అంకె చదవగానే వదిన చెయ్యెత్తి ఆపింది.

"అలా పొడిపొడిగానా? నేను నేర్పింది అదేనా?"

మళ్ళీ మొదలుపెట్టింది. మొదటి అంకెను సాగదీసి, రెండోదాన్ని ఎత్తి, చివరిదాన్ని మెల్లగా దించింది. "ఎనభై ఎనిమిదీ... ముప్ఫై ఆరూ... పాయింటు ఒకటి."

"సరి."

తర్వాతి వరుస. "ఎనభై ఏడూ..." అంది. అంతవరకే వచ్చింది. నోరు తెరిచి కూర్చుంది, మాట రాలేదు.

వదిన తల ఒక పక్కకు వాల్చి ఓపిగ్గా కూర్చుంది. "తొందరేం లేదు," అంది. "రేవులో ఓడ కూత వేస్తోందనుకుంటాను. ఆగాకే చదువు."

కొంతసేపటికి ఆ కూత ఆగింది. దశాంశం ఎక్కడ ఆపిందో అక్కడినుంచే ఎత్తుకుంది.

"నలభై ఆరూ... పాయింటు ఐదు."

"సరి," అంది వదిన.